వీధిపోటు తగిలిన లెక్క

టీ తాగుతా వినండప్పా, మొన్న మా బడిలో నా పరువు ఎట్ల పోయిందో చెప్తా. ఏండ్ల తరబడి లెక్కలు చెప్తాండా గదా, నాకు తిరుగు లేదనుకుంటాంటి. అట్లాంటోణ్ని ఏడో తరగతి ఆడపిల్ల ముందర నోరెళ్లబెట్టి నిలబడినా!

మా బడి ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దావలో ఉండాది. ఏ నెంబరు పెద్దది, ఏది చిన్నది అని బోర్డు మింద రాసి రాసి నాకే విసుగొచ్చింది, ఇంగ పిల్లోళ్లకు రాదా? అందుకని వరండాలో తెల్ల పెయింటుతో అడ్డం నాలుగు, నిలువు నాలుగు గళ్లు గీసినా. పిల్లోళ్లు మెడలో నెంబరు అట్టలు ఏసుకోని గడికొకరు నిలబడల్ల. ఒకటి నుంచి నాలుగు దాకానే నెంబర్లు. ఏ వరసలో గానీ, ఏ నిలువులో గానీ ఒకే నెంబరు రెండుసార్లు రాకూడదు. గళ్ల మధ్యలో ఎర్ర చార్టు కత్తిరించి గుర్తులు అంటిస్తాం. గుర్తు నోరు తెరిచిన పక్క పెద్ద నెంబరు, మొన ఉన్న పక్క చిన్న నెంబరు. అంతే ఆట.

జమ్మలమడుగు నుంచి ఆఫీసరు సారు దీన్ని చూసేకి వస్తానన్నాడు. "బాగుంటే మండలంలో అన్ని బళ్లల్లో ఏయిద్దాం సార్" అని ఫోన్లో చెప్పినాడు. ఇంగ నేను ఆగుతానా! పులివెందులలో మా బామ్మర్దికి గూడా ఫోన్ చేసి డప్పు కొట్టుకున్నా. పిల్లోళ్లు ముందే చూస్తే బట్టీ పడతారని, ఆయన వచ్చే ముందు రోజు సాయంత్రం బడి ఇడిసినాక కొత్త పజిల్ గుర్తులు అంటించి ఇంటికి పోయినా.

తెల్లారి బడికి పోతానే మా హెడ్మాస్టరు నన్ను వరండాలోకి లాక్కపోయినాడు. శానా మంచోడు. కానీ వాస్తు అంటే ప్రాణం. వరండాకు ఎడమ చివర ఆయన రూము.

"ఏందప్పా ఇది? పై వరసలో మూడు మొనలూ నా వాకిలికే గురిపెట్టినావు! వీధిపోటు గాదా ఇది?"

"అవి లెక్కల గుర్తులు సార్. ఈడ వీధి యాడుంది?"

"నువ్వు ఇవి అంటించినావు, నేను ఇల్లు చేరకముందే బండి పంచరు! ఈ పొద్దు ఆఫీసరు ముందర ఇంగేం కొంప మునుగుతాదో. తిప్పు వాటిని!"

అప్పుడే గేటు కాడ జీపు హారను ఇనబడింది. వాదించే టైం యాడుంది? మనసులోనే లెక్క ఏసుకున్నా. మొనలు ఎడమ పక్కకుంటే ఆ వరస ఒకటి, రెండు, మూడు, నాలుగు. కుడి పక్కకు తిప్పితే నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఏం పోయింది? మూడు గుర్తులూ పీకి తిప్పి అంటించేసినా. హెడ్మాస్టరు మొగంలో కళ వచ్చింది.

ఆఫీసరు వచ్చి కుర్చీలో కూచున్నాడు. షాహీనా అని మా క్లాసులో చురుకైన పిల్ల, నాలుగో నెంబరు అట్ట ఏసుకోని నేరుగా పోయి పై వరస మొదటి గడిలో నిలబడింది. 'శభాష్' అనుకోని మీసం మెలేసినా. ఆ పిల్ల కిందికి చూసింది.

"సార్, ఈ గుర్తు నోరు కిందికి తెరుచుకోనుంది. అంటే నా కింద గడిలో నాకన్నా పెద్ద నెంబరు రావల్ల. నాకన్నా పెద్దోళ్లు యాడుండారు సార్?"

అయ్యో దేవుడా! ఆ నిలువు గుర్తు సంగతే మర్చిపోయినా! మొదటి గడిలో ఒకటి వస్తాది గదా అని దాని కింద పెద్దది పెట్టుకున్నా. ఇప్పుడు ఆడ నాలుగొచ్చి కూచుంది. నాలుగు కన్నా పెద్దది నా ఆటలోనే లేదు.

పిల్లోళ్లు ఆ గడిలోకి ఒకర్నొకరు తోసుకుంటాండారు. "నువ్వు పోరా!" "నేను మూడు, నేనెట్ల పోతా?" నేను సెమట తుడ్చుకుంటా "ఆలోచించండి, ఆలోచించండి" అంటాండా. ఆలోచించకుండా తిప్పిందేమో నేను!

షాహీనా చుట్టూ చూసింది. "సార్, ఆఫీసరు సార్ని నిలబెడ్తామా? ఈడ అందరికన్నా పెద్దాయన ఆయనే గదా!"

ఆయన నిజంగానే లేసొచ్చి ఆ గడిలో నిలబడినాడప్పా! గుర్తు పక్క చూసినాడు, నా పక్క చూసినాడు. "అంటే నేను ఐదా సార్? ఎవరు పెట్టినారు ఈ గుర్తులు?"

హెడ్మాస్టరు పైన తిరిగే ఫ్యానును చూస్తాండాడు.

"నేనే సార్. పొద్దున తిప్పకూడనివి తిప్పినా" అని ఒంగి, మూడు మొనలూ మళ్ల ఆ వాకిలి పక్కకే పెట్టినా. షాహీనా చటుక్కున వరస చివరికి పోయింది. మిగతావాళ్లు ఒకర్నొకరు చూసుకుంటా సర్దుకున్నారు. కాసేపటికి గళ్లన్నీ నిండినాయి. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఆట బాగుంది సార్, అన్ని బళ్లల్లో ఏయిద్దాం" అన్నాడు ఆఫీసరు. "కాకపోతే మీ పజిళ్లు పంపించే ముందర ఈ పాపకు ఒకసారి చూపియ్యండి."

ఇంటికొచ్చి మా ఆడామెకు చెప్తే కడుపు పట్టుకోని నవ్వింది. "వీధిపోటుకు వినాయకుణ్ని పెడ్తారని ఊర్లో పసిపిల్లోళ్లకు గూడా తెలుసు గదా! ఒక పటం తగిలిస్తే పోయేదానికి ఎవరన్నా లెక్కను తిప్పుతారా?"

నిజమే గదా! మా వీధి చివర ఇంటి గోడకు రోజూ చూస్తానే ఉండా. మరుసటి రోజు బడికి పోతాపోతా వినాయకుడి పటం కొనుక్కపోయి, హెడ్మాస్టరు వాకిలి పక్కన మేకు కొట్టి తగిలించినా. ఆయన శాంతించినాడు. నేను స్టూలు దిగుతాంటే షాహీనా వచ్చి నిలబడింది. పటాన్ని చూసింది, నన్ను చూసింది.

"లెక్కలు తప్పు పోకుండా పెట్టుకుంటాండారా సార్?"

"అవును తల్లీ" అన్నా. ఇంగేం చెప్పేది?