గొట్టం మీద చెంచా చప్పుడు

“ఆ గొట్టం పేలిందంటే పాప మీదే పడుతుంది,” అంది నెనిటా భర్తతో.

గదులను వెచ్చబరిచే ఆవిరి గొట్టం రోజూ పొద్దున్నే టంగుటంగుమని మోగేది. చల్లారిన నీరు లోపల నిలిచిపోయిందనీ, ఆవిరి దాన్ని తోసి కొడుతోందనీ ఆమె తేల్చేసింది. ఫిలిప్పీన్స్‌లోని ఇలోకోస్‌లో రసాయనశాస్త్రం చెప్పి వచ్చిన మనిషి. సియాటిల్‌లో ఆ చదువు అడిగే నాథుడు లేడు గనక దొరికిన చోట వాడింది. తాము గది అద్దెకు తీసుకుని ఉంటున్న హోటల్ మేనేజరు వెంటపడి, లోపలి వేడి పోకుండా గొట్టాలన్నిటికీ దళసరి గుడ్డ చుట్టించింది. మోత ఆగింది. పాప హాయిగా నిద్రపోయింది.

ఆ వారమే పై గది ముసలాయన, హోటలంతా మానోంగ్, అంటే పెద్దన్న, అని పిలిచే సెవెరో పడిపోయాడు. పొద్దున పడ్డ మనిషిని సాయంత్రం దాకా ఎవరూ చూడలేదు.

మెట్ల మీద ముసలివాళ్ల మాటల్లో సంగతి బయటపడింది. ఆ మోత ఆవిరిది కాదు. పొద్దున లేవగానే సెవెరో చెంచాతో గొట్టాన్ని కొట్టేవాడు. కింది అంతస్తుల్లోని ముసలివాళ్లు వరసగా బదులు కొట్టేవారు. బతికే ఉన్నామని ఒకరికొకరు చెప్పుకోవడమది. గుడ్డ చుట్టాక ఎవరి చప్పుడూ ఎవరికీ చేరలేదు. వద్దని చెప్పబోయిన వాళ్లను, పసిపిల్లను పడుకోనివ్వండంటూ సెవెరోనే ఆపాడట.

“చదువుకున్న పిల్ల గదా, మన నోళ్లకే గుడ్డ చుట్టింది,” అన్నాడొకాయన, ఆమె వింటోందని తెలిసే.

నెనిటా అల్లం వేసి కోడి గంజి కాచుకుని ఆసుపత్రికి వెళ్లింది. గుమ్మంలోనే ఆగి అంది:

“తప్పు నాదే, మానోంగ్.”

“ముందా గంజి ఇటు తే. సిగ్గు తర్వాత పడుదువుగాని.”

తింటూ చెప్పాడాయన. అలాస్కాలో చేపలు డబ్బాలకెత్తే పని ముగించుకుని మొదటి చలికాలం ఈ హోటల్లో దిగేనాటికి ఇందులో అందరూ జపాను కుటుంబాలే. చెంచా భాష నేర్పింది కింది గది మంగలి కితాజిమా. ఆయన మాట ఈయనకు రాదు, ఈయన మాట ఆయనకు రాదు. జపానుతో యుద్ధం వచ్చాక అమెరికా సైన్యం వాళ్లందర్నీ నిర్బంధ శిబిరాలకు తీసుకుపోయింది. మర్నాడు సెవెరో ఎంతసేపు కొట్టినా కిందనుంచి బదులు లేదు. తర్వాత ఆ గదుల్లోకి ఫిలిపినో కూలీలు వచ్చారు. పెళ్లాడదామంటే మనవైపు ఆడవాళ్లు ఓడ దిగేవారే కాదని నవ్వాడు. ఇప్పుడు వస్తున్న చైనావాళ్లకూ ఆయనే నేర్పాడు. నెనిటాకు మాత్రం నేర్పలేదు. పాప నిద్ర చెడుతుందని.

ఆ మాటకు ఆమె తల ఇంకా కిందికి వాలిపోయింది.

ఆయన తిరిగొచ్చేలోపు గుడ్డలన్నీ తనే విప్పేసింది. ఇప్పుడు పొద్దున్నే పాపను చంకనేసుకుని మొదటి దెబ్బ ఆమే కొడుతుంది. పైనుంచి బదులు వచ్చేదాకా ఎవరి మొహమూ చూడదు. పాప ఒక్కోసారి ఉలిక్కిపడుతుంది, మళ్లీ పడుకుంటుంది. ఆ రోజు ఆసుపత్రిలో ఖాళీ గిన్నె చేతికిస్తూ సెవెరో అన్నది ఇంతే:

“పిల్ల కోసం ఇల్లు నిశ్శబ్దం చెయ్యకమ్మా. మనుషుల చప్పుళ్ల మధ్య నిద్రపోవడం అలవాటు చెయ్యి.”