తుంటికి కట్టిన అంటు

బాగుచేసే వైద్యం ఉండగానే మా కుక్కను పశువుల డాక్టరు సూది వేసి చంపేశాడు. లారీ తగిలి తుంటి కీలు జారితే, ఇక లేవదన్నాడు.

తరువాత రాజమండ్రి బస్సులో పక్కసీటు ఆవిడ ఒళ్లో ఒక కుక్క కనిపించింది. తుంటి మీద బొచ్చు గొరిగి ఉంది. అక్కడ ఒకటే కుట్టు.

"ఇంత చిన్న గాటేనా అమ్మా?"

"తుంటి కీలు జారిందండి. ఎక్స్‌రేలో చూసుకుంటూ ఆ గాటులోంచే స్క్రూ బిగించారండి."

"మా కుక్కకీ ఇదే దెబ్బ. మా డాక్టరు ఈ ముక్క చెప్పనే లేదు, సూది వేసి చంపేశాడు" అని మండిపడ్డాను.

"దెబ్బ తగిలాక ఎన్నాళ్లకి తీసుకెళ్లారండి?"

కడియం నర్సరీల్లో జీవితమంతా మొక్కలకి అంట్లు కట్టినవాణ్ణి. ఎముకా అలాగే అతుక్కుంటుందని, అంటుకి చుట్టే ప్లాస్టిక్ పట్టీనే తుంటికి బిగించి, మూడు వారాలు ఇంట్లోనే ఉంచానని చెప్పాను.

ఆవిడ కుక్క చెవులు నిమురుతూ, నా వైపు చూడకుండా అన్నారు:

"దీన్ని మర్నాడే తీసుకెళ్లామండి, బాబాయిగారూ. ఆలస్యమైతే ఆ కీలు మళ్లీ చోటికి రాదన్నారండి."