సైకాలజీ మేడం అలవెన్సు

అట్టపెట్టెల కంపెనీలో ఆమెను అందరూ సైకాలజీ మేడం అంటారు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. మూడేళ్ళు కూర్చుని చదివిన డిగ్రీ వల్ల ఆమెకు దక్కిన మొదటి ఆస్తి ఆ పేరే. రెండోది దక్కడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది.

ఆ చదువులో చేరుతానన్నప్పుడు చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. "అది చదివితే ఏమొస్తుందే?" అని అడిగింది పిన్ని. "మనుషులు అర్థమవుతారు పిన్నీ" అంది. "అర్థమైతే మాత్రం ఏం చేస్తావు?" అంది పిన్ని. బావ అయితే ఎప్పుడు ఎదురుపడినా కళ్ళు గట్టిగా మూసుకుని, "నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం" అనేవాడు. భోజనం తప్ప ఆయన మనసులో ఏనాడూ మరొకటి లేదని చెప్పడానికి డిగ్రీ ఎందుకు? అమ్మ ఒక్కతే ఏమీ అడగలేదు. బట్టలు కుట్టి ఫీజులు కట్టింది.

డిగ్రీ చేతికొచ్చాక తెలిసిందేమిటంటే, మనసుకు వైద్యం చేయాలంటే ఆ కాగితం చాలదు. ఇంకో రెండేళ్ళు చదవాలి, ఆపైన మరో రెండేళ్ళు. అప్పటికే అమ్మ సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళను పిలుస్తోంది. ఇక చదువు మాట ఎత్తకుండా కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేరిపోయింది. అదే రోజు కామర్స్ చదివిన అబ్బాయి కూడా చేరాడు. అతనికి నెలకు రెండు వేలు ఎక్కువ. ఎందుకని అడిగితే మేనేజరు నవ్వాడు. "అతను లెక్కలు చూస్తాడమ్మా. మీరేం చూస్తారు?"

నాలుగేళ్ళు అలాగే గడిచాయి. అప్పుడు కొత్త మిషను వచ్చింది. అట్టను అదే మడుస్తుంది, అదే అతికిస్తుంది, పదకొండు మంది పని ఒక్కటే చేసి పడేస్తుంది. ఉద్యోగం పోయిందని ఆ పదకొండు మందికీ ఎవరో ఒకరు చెప్పాలి. మేనేజరు మొదటి మనిషికి తనే చెప్పాడు. ఆ మనిషి నేలమీద కూలబడి బావురుమనేసరికి, ఈయన బాత్రూములో దూరి అరగంట దాకా తలుపు తీయలేదు. మర్నాడు పొద్దున్నే ఆమెను పిలిచాడు. "మీరు సైకాలజీ కదా మేడం. ఇలాంటివి మీకైతే తేలిక."

ఆ నెల నుంచి జీతం చీటీలో కొత్త వరస కనిపించింది. ప్రత్యేక అలవెన్సు, పద్దెనిమిది వందలు. డిగ్రీకి ఒక ధర పలికిందన్నమాట. కామర్స్ అబ్బాయి కంటే ఇంకా రెండు వందలు తక్కువే, అది వేరే సంగతి.

ఆమె ఆ పనిని ఒక పద్ధతిలో పెట్టింది. ఫస్ట్ ఎయిడ్ గది పక్కనున్న చిన్న గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కాస్త వారగా వేయించింది. బల్లమీద ముందే గ్లాసుతో నీళ్ళు పెడుతుంది. మనిషి కూర్చున్నాక మూడో మాటలో విషయం చెప్పేస్తుంది. నాన్చితే వాళ్ళకే నరకమని ఆమెకు తెలుసు. చెప్పాక నోరు మెదపదు. వాళ్ళు తిట్టినా, ఏడ్చినా, పిల్లల ఫీజుల గురించి చెప్పినా వింటుంది. నీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపుతుంది. మిషన్లు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఆరేళ్ళలో నలభై ఒక్క మంది అయ్యారు.

మొదట్లో ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఏడాది తిరిగేసరికి దిగడం మొదలైంది. తరవాత తరవాత, ఆరోజు ఎవరికి చెప్పిందో సాయంత్రానికే గుర్తుండటం మానేసింది. "ఎలా ఉందే ఇవాళ?" అని అమ్మ అడిగితే "ఉంది" అంటుంది. అది అబద్ధం కాదు. లోపల ఏదో మొద్దుబారిపోయిందని ఆమెకు తెలుసు. తెలిసినందుకు బాధ కూడా వేయడం లేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, గమ్ము మామ సంతకం కావాల్సి వచ్చింది.

గమ్ము మామ అంటే గమ్ము సెక్షను పెద్దాయన. చిన్న ఆర్డర్లకు, వంకర పెట్టెలకు మిషను పనికిరాదు, ఆయన చెయ్యే కావాలి. సర్వీసులో ఇరవై అయిదేళ్ళు నిండినవాళ్ళకు కంపెనీ మూడు నెలల జీతం బహుమతిగా ఇస్తుంది. వచ్చే ఒకటో తారీఖుతో ఆయనకు నిండుతాయి. ఫారంలో ఒక చోట సంతకం మిగిలిపోయింది, అంతే.

ఆమె ఒక చేత్తో ఫైలు తీసుకుంది. రెండో చెయ్యి ఊరుకోలేదు. ఆరేళ్ళుగా అలవాటైన చెయ్యి కదా, ఫైలు పట్టగానే గ్లాసు అందుకుని నీళ్ళు నింపింది. ఆ సంగతి ఆమె గమనించనే లేదు.

గమ్ము సెక్షనులో ఫ్యాను వేయరు. గాలి తగిలితే గమ్ము మీగడ కట్టేస్తుంది. ఆ ఉక్కలో ఆమె నీళ్ళ గ్లాసుతో అడుగుపెట్టగానే అందరి చేతులూ ఆగిపోయాయి. ఆమె తిన్నగా పెద్దాయన దగ్గరికి వెళ్ళి గ్లాసు బల్లమీద పెట్టింది. "మామయ్యా, ఒకసారి కూర్చుంటారా?"

ఆయన గ్లాసు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. "రెండు నిమిషాలమ్మా, చేతులు కడుక్కుని వస్తా" అని ఆప్రాన్ విప్పి, మడతపెట్టి, స్టూలు మీద పెట్టి వెళ్ళాడు.

పావుగంటైనా ఆయన రాలేదు. ఫోను మోగింది. మేనేజరు తన గదికి రమ్మంటున్నాడు. వెళ్ళేసరికి ఆయన చేతిలో ఒక కాగితం ఉంది, గమ్ము మరకలతో. సొంత కారణాల వల్ల ఉద్యోగం మానేస్తున్నానని గమ్ము మామ రాసిచ్చిన కాగితం.

"మీరేం చెప్పారో గానీ భలే పనిచేసింది మేడం!"

"నేనేం చెప్పలేదండీ. బహుమతి ఫారం మీద సంతకానికి వెళ్ళాను. ఆయన పొరపాటు పడ్డారు."

మేనేజరు కాగితం మడతపెట్టాడు. "ఆయన్ని తీసేద్దామని నేనూ అనుకోలేదు. కానీ తనంతట తనే మానేస్తే బహుమతి ఇవ్వక్కర్లేదు, నోటీసు జీతమూ అక్కర్లేదు. వచ్చినదాన్ని కాదనడం దేనికి? సాయంత్రం హెడ్డాఫీసుకు పంపేద్దాం, అప్పటిదాకా మీ దగ్గరుంచండి." కాగితం ఆమె చేతిలో పెట్టాడు. అదొక్కటే. దానికి నకలు కూడా లేదు.

గమ్ము మామ సైకిల్ స్టాండులో ఉన్నాడు. ఆమెను చూసి నవ్వాడు, ఆమెకే ధైర్యం చెప్పేవాడిలా.

"రాసిచ్చేశానమ్మా. నలభై మందికి చెప్పావు. ఎంత చదువుకున్నా ఆ మాట చెప్పడం ఎవరికైనా కష్టమే కదా. నాకైనా నీ నోటితో చెప్పే పని లేకుండా చేద్దామని."

ఆమె మూడో మాట దాకా కూడా ఆగలేదు. "మామయ్యా, మిమ్మల్నెవరూ తీసేయలేదు. నేను వచ్చింది బహుమతి సంతకానికి. ఇదిగో మీ కాగితం, చింపేయండి."

ఆయన కాగితం అందుకున్నాడు. చింపి, ముక్కలు చొక్కా జేబులో వేసుకున్నాడు. "మరి నిన్నేమీ అనరా?"

"అలవెన్సు తీసేస్తారేమో."

"ఎంత?"

"పద్దెనిమిది వందలు."

"మూడేళ్ళ చదువుకి అంతేనా తల్లీ?"

"అంతే మామయ్యా."

తన బల్లమీదే పెట్టి సంతకం చేస్తానని ఆయన ఆమె ఫైలులోంచి ఫారం తీసుకుని లోపలికి నడిచాడు. సెక్షనులో ఎవరో ఈల వేశారు. ఆమె స్టాండులోనే నిలబడి ఎదురుచూసింది. సంతోషమో ఏడుపో వస్తుందనుకుంది. ఏమీ రాలేదు.

సాయంత్రం మేనేజరు కాగితం అడిగాడు. ఇచ్చేశానని చెప్పింది. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేదేమో. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"పోనీండి, మంచి మనసు మీది. కాకపోతే పైవాళ్ళకు నేను జవాబు చెప్పుకోవాలి కదా. వచ్చే నెల నుంచి ఆ అలవెన్సు ఉండదు."

"సరేనండీ."

"పని మాత్రం మీదే మేడం. ఇంకెవరికి వస్తుంది చెప్పండి? ఎల్లుండి కటింగులో ఇద్దరున్నారు. పదింటికి పెట్టుకోండి."

"సరేనండీ" అంది.

మెట్లు సగం దిగాక గానీ, అలవెన్సు లేని ఆ పనికి కూడా సరే అనేసి వచ్చానని ఆమెకు తెలియలేదు.