మగ్గాల రొదలో చెప్పిన జవాబు

మునిరత్నమ్మ ఆ పొద్దున మరమగ్గాల ఊరైన నగరిలో తొమ్మిది గడపలు ఎక్కి దిగింది. అన్నిచోట్లా ఒకటే జవాబు: మా ఇంట్లో గంజాయి తాగేవాళ్ళు లేరు.

అది 1984. మత్తుపదార్థాల వాడకంపై ఆరు దేశాల లెక్కలను పక్కపక్కన పెట్టి చూసే సర్వే. ఏ దేశంలోనైనా ప్రశ్నలు అవే, అడగాల్సింది ఇంట్లోనే. ఇక్కడి పని తిరుపతిలోని ఒక పరిశోధన కేంద్రానికి వచ్చింది. వడమాలపేట మునిరత్నమ్మ అందులో తాత్కాలిక ఉద్యోగి. గంజాయి లెక్కలు ఆడదానికెందుకన్న అన్నతో మాటలు మానేసి మరీ చేరింది. నెలాఖరుకు ఉద్యోగం పొడిగించడం డైరెక్టరు సుబ్రమణ్యం చేతిలో ఉంది.

పదో ఇల్లు మరమగ్గాల యజమాని కుప్పయ్యది. కొడుకు జయరామ్ నోరు తెరవకముందే తండ్రి అరుగు మీది నుంచి అందుకున్నాడు.

"మావోడు బీడీ కూడా ముట్టడమ్మా. రాసుకోని పో."

"నేనడిగింది ఆయప్పను గదా?"

"వాడికి నోరు యాడుండాది? నేను చెప్తా ఉండాను గదా."

జయరామ్ తల వంచుకున్నాడు. తండ్రి ఎదుట సిగరెట్టు పేరే ఎత్తని ఇళ్ళలో ఇంకో జవాబు రాదని ఆమెకు అర్థమైంది.

ఇంట్లో కాదన్న మగవాళ్ళనే మళ్ళీ మగ్గాల షెడ్లలో వెతికి పట్టుకుంది. అక్కడి రొదలో చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినిపించదు. పక్క మగ్గం మనిషికి ఒక్క ముక్క తెలియదు. ఆమెకు కావలసింది అదే.

"మా నాయనకు చెప్పవు గదక్కా?" అని జయరామ్ ఆమె చెవిలో అరిచాడు.

"నీ పేరే నాకొద్దప్పా. అవునా, కాదా?"

"అవును. నా దగ్గు నూలు దుమ్ముకనుకుంటా ఉండాడు మా నాయన."

తిరుపతిలో సుబ్రమణ్యం షెడ్ల పట్టికను పక్కకు నెట్టాడు.

"షెడ్లో ఎవరడగమన్నారమ్మా నిన్ను? మిగతా దేశాలవాళ్ళు ఇంట్లో అడిగినారు. ఇంక పోల్చేదెట్లా?"

ఆ మాటలో న్యాయముంది. ఆమె కాదనలేదు.

"షెడ్డు అంకెను పోల్చొద్దు సార్. యాడ అడిగినామో రాసి రెండూ పంపండి."

"పుణ్యక్షేత్రం పక్క ఊరు. ఈ అంకె బయటికి పోతే మన మొహాన ఉమ్ముతారు."

"అట్లయితే ఇంటి అంకె ఒకటే పంపుకోండి. దాని కింద నా సంతకం ఉండదు."

"ఉద్యోగం అక్కర్లేదా నీకు?"

"కావాల సార్. అయినా పెట్టను."

సర్వే చేసిన మనిషి సంతకం లేని పట్టిక చెల్లదని ఇద్దరికీ తెలుసు. ఆయన కూర్చోమనలేదు. ఆమె వెళ్తాననలేదు. చివరికి ఆయనే పక్కకు నెట్టిన షెడ్ల పట్టికను దగ్గరికి లాక్కున్నాడు.

నెలాఖరుకు మునిరత్నమ్మ ఉద్యోగం పోయింది. రెండు అంకెలూ అప్పటికే ఆరు దేశాల లెక్కల్లోకి వెళ్ళాయి: ఇంట్లో అడిగితే నూటికి ఒకరు, షెడ్లో అడిగితే నూటికి పద్దెనిమిది మంది.