గఫూర్ అన్న ట్యాంకులు, హమీదాబీ ముక్కు

నంద్యాలలో ఆళ్లగడ్డకు పోయే రోడ్డు పక్కన మా షెడ్లు వరసగా ఉంటాయి. నాది బండ్ల కమాను పట్టీల పని. నా పక్క షెడ్డు గఫూర్ అన్నది. ఆయన డీజిల్ ట్యాంకులు చేసేవాడు.

వాళ్ల నాయనది రేకు పని. కిరోసిన్ గరాటులు, డబ్బాలు, రైసుమిల్లుల్లో బియ్యం జారే తొట్లు చేసేవాడు. గఫూర్ అన్న చెయ్యి అక్కడే కుదిరింది. ట్యాంకుల పని మాత్రం ఎవరూ నేర్పలేదు. బోల్తా పడిన లారీ ట్యాంకు ఒకటి పాత ఇనుము అంగట్లో దొరికితే తెచ్చుకుని, అతుకు వెంట కోసి, లోపల చూసి నేర్చుకున్నాడు. ట్యాంకు లోపల అడ్డు రేకులుంటాయి. బండి మలుపు తిరిగినప్పుడు డీజిల్ అంతా ఒక పక్కకు పడకుండా అవి ఆపుతాయి. మూత అతికాక వాటిని ఎవరూ చూడలేరు. అందుకే కొందరు వెయ్యనే వెయ్యరు. గఫూర్ అన్న ఆ రేకుల అంచులు కూడా ఆకురాయితో నున్నగా తీసేవాడు.

పాత ట్యాంకుకు అతుకు పెట్టడం భయం పని. డీజిల్ వంచేసినా లోపల ఆవిరి మిగిలి ఉంటుంది. గ్యాసు మంట తగిలిందా, పేలిపోతుంది. ఆయన సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, అతుకు పడే చోటు దాకా నీళ్లు నింపేవాడు. ఇన్ని చేశాక కూడా మూతికి ముక్కు ఆనించి వాసన చూసేవాడు.

"నీళ్లు అన్నీ చెప్పవప్పా. మూలల్లో దాక్కున్నేది ముక్కుకే తెలుస్తాది" అనేవాడు.

కరోనా ఏడాది ఆయనకు జ్వరం వచ్చింది. బతికి బయటపడ్డాడు. మళ్లీ పనిలోకి వచ్చాడు. కొన్నాళ్లకు ఆయన షెడ్డులో రేకుల వెనక పందికొక్కు చచ్చి పడింది. వరసలో అందరం ముక్కులకు గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నాం. ఆయన ఆ రేకులకే ఆనుకుని కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏందన్నా, ఆ కంపులో టీ ఎట్ల దిగుతాంది నీకు?" అన్నాను.

"యాడప్పా కంపు?" అన్నాడు.

అడిగాక ఆయనకే అర్థమైంది. గ్లాసు కింద పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చిన హమీదాబీ వదిన నన్ను పక్కకు పిలిచింది. "మీ అన్నకు ముక్కు పోయింది ఎలీషా. కూర మాడినా తెల్దు, అత్తరు పూసినా తెల్దు. బయట చెప్పాకు. తెలిస్తే ఒక్కడూ బండి తేడు" అంది.

నేను ఎవరికీ చెప్పలేదు. మరునాటి నుంచి వాళ్లిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. కడిగి ఆరబెట్టిన ట్యాంకును ఆయన మధ్యాహ్నానికి షెడ్డు గడప దగ్గర నీడలో పెట్టేవాడు. వదిన వచ్చి, క్యారేజీ దించి, ముసుగు కాస్త పైకి తీసి, వంగి మూతి దగ్గర ఊపిరి పీల్చేది. నచ్చకపోతే "ఇంకోసారి కడుగు" అనేది. నచ్చితే "ఇంగ పెట్టుకో" అనేది. ఆ మాట అన్నాకే ఆయన గ్యాసు వెలిగించేవాడు. చూసేవాళ్లు పెండ్లాం మొగుడికి అన్నం తెచ్చిందనుకునేవాళ్లు.

"పెండ్లైన కొత్తలో పూలు తెస్తాంటివి. ఇప్పుడు డీజిల్ వాసన చూపిస్తాండావు" అనేది వదిన.

"పూలదేముంది, అంగట్లో ఎవురైనా చూస్తారు. ఇది నువ్వే చూడాల" అనేవాడు ఆయన.

అట్లా నాలుగేళ్లు గడిచాయి. ఒక్క ట్యాంకూ పేలలేదు.

పోయిన ఎండాకాలం ఆళ్లగడ్డ నుంచి చెన్నకేశవులు జీపు తెచ్చాడు. తన లారీ పనికి ముందు నుంచీ గఫూర్ అన్న దగ్గరికే వచ్చేవాడు. నాలుగు చక్రాలూ లాగే పాత జీపు అది. నల్లమలలో సర్వే పనులకు పోయేవాళ్లకు దాన్ని బాడుగకు తిప్పుతాడు. లోపలికి పోతే రోజుల తరబడి బంకు కనపడదు. డీజిల్ క్యాన్లలో పోసి సీట్ల వెనక పెట్టుకునేవాడు. ఒక లోయలో క్యాను ఒరిగి మనుషుల పరుపులన్నీ తడిశాయట.

"ఎవుడో ఒకడు బీడీ ముట్టించింటే అందరం ఆడనే పోతాంటిమి. రెండో ట్యాంకు కట్టియ్యి గఫూరన్నా" అన్నాడు.

గఫూర్ అన్న జీపు కింద పడుకుని అట్టముక్కలతో కొలతలు తీశాడు. వెనక ఇరుసు కన్నా కిందికి వేలాడకూడదు, రాళ్లు తగులుతాయి. పొగగొట్టానికి దగ్గర కాకూడదు. ఆ అట్టల ప్రకారం కొత్త రేకు వంచాడు. లోపల అడ్డు రేకులు రెండు వేశాడు. మూత అతికి, బయటంతా సుద్ద పూసి, లోపల కిరోసిన్ పోశాడు. ఎక్కడైనా కారితే తెల్లటి సుద్ద మీద నల్లగా గీత దిగుతుంది. ఏ గీతా దిగలేదు.

ఇక మిగిలింది జీపుకు మొదటి నుంచీ ఉన్న పాత ట్యాంకు. కొత్తదాంట్లో డీజిల్ పాతదాంట్లోకి జారాలంటే పాతదానికి ఒక మూతి అతకాలి. దాన్ని దించి, కడిగి, ఎండలో పెట్టాడు. ఆ రోజు మధ్యాహ్నం వదిన రాలేదు, కబురు వచ్చింది. పొద్దున గుండెలో నొప్పి అందట. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది.

షెడ్డు మూతపడింది. జీపు షెడ్డు ముందే నిలిచి దుమ్ము పట్టింది. వేరే చోట చేయించుకోమని చెన్నకేశవులుకు చెప్పాను. "ఆయన రానీలే" అన్నాడు.

వదిన పేరున నలభై దినాలకు చదివించే ఫాతెహా అయిన మరునాడు గఫూర్ అన్న తలుపు తీశాడు. చెన్నకేశవులు కూడా వచ్చాడు. అన్న పాత ట్యాంకును మళ్లీ మొదటి నుంచి కడిగాడు. ఎండలో పెట్టాడు. మధ్యాహ్నమయ్యేసరికి ఎత్తి గడప దగ్గర నీడలో పెట్టాడు. పక్కన కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు.

నాకు చేతిలో పని సాగలేదు.

"ఎవురికోసమన్నా చూస్తాండావు?" అని చెన్నకేశవులు అడిగాడు.

అన్న ఉలిక్కిపడి ట్యాంకు వైపు చూశాడు. దాన్ని అక్కడ తనే పెట్టిన సంగతి అప్పుడే తెలిసినట్టుంది.

నేను లేచి పోయాను. "నేను చూస్తాలే అన్నా."

"నువ్వు బీడీలు తాగుతావప్పా. నీ ముక్కు మసిగొట్టం."

"ఏందది చూసేది? నేను చూస్తా" అని చెన్నకేశవులు వంగబోయాడు. అన్న ట్యాంకు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దప్పా. నీకు బండి బేగా కావాల. వాసన ఉన్నా నీకు లేదనిపిస్తాది."

తర్వాత అంతా చెప్పేశాడు. జ్వరం, ముక్కు, వదిన, క్యారేజీ. తల దించుకుని, రేకు ముక్కతో నేల మీద గీతలు గీస్తూ చెప్పాడు.

"నా లారీ ట్యాంకు రెండేండ్ల కింద ఆయమ్మే చూసిందా?" అన్నాడు చెన్నకేశవులు.

"ఆమే. రెండుసార్లు కడిగిచ్చింది నాతో."

"నేనేమో నీకు అన్నం తెచ్చిందనుకుంటి."

"అన్నమూ తెచ్చింది లేప్పా" అన్నాడు గఫూర్ అన్న.

ఆ పాత ట్యాంకుకు ఆయన నిప్పు పెట్టలేదు. ఎట్లున్నదాన్ని అట్లే జీపుకు బిగించాడు. రెండు ట్యాంకులనూ కలపకుండా, ఇంజనుకు డీజిల్ పోయే గొట్టానికొకటి, మిగిలింది తిరిగొచ్చే గొట్టానికొకటి తిప్పుడు కుళాయిలు పెట్టాడు. ఏ ట్యాంకు కావాలంటే అటు తిప్పుకోవాలి. అంతా రబ్బరు గొట్టాలు, క్లిప్పులు. ఎక్కడా మంట లేదు. కుళాయిలు తిప్పడం గుర్తుపెట్టుకోవాలి, చెన్నకేశవులుకు ఆ బాధ మిగిలింది.

గొట్టాల దగ్గర డీజిల్ కారుతుందేమో చూడాలని అన్న జీపులో ఆళ్లగడ్డ దాకా పోయాడు. నేనూ పోయాను. ఇల్లు చేరగానే చెన్నకేశవులు భార్య కొండమ్మను పిలిచి, "అమ్మా, ఒక్కసారి బండెక్కి వాసన చూడు" అన్నాడు అన్న. ఆమెకు విషయం తెలియదు. నవ్వుతూ ఎక్కి, సీట్ల వెనక వంగి, ముక్కు జీపు అడుగు రేకుకు ఆనించి చూసింది.

"ఏం వాసన లేదన్నా. బాగుండాది" అంది.

"ఇంకోసారి చూడమ్మా."

ఆమె మళ్లీ వంగింది. కొంగు జారితే ఒక చేత్తో పట్టుకుంది. లేచి, "లేదన్నా, బండి తోలుకోవచ్చు" అంది.

గఫూర్ అన్న తల ఊపాడు. వాకిట్లో కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడుక్కున్నాడు. కొండమ్మ తువ్వాలు తెచ్చి నిలబడింది. నేను వద్దన్నట్టు చెయ్యి ఊపాను.

ఇద్దరం బస్సులో తిరిగొచ్చాం. మరునాడు అన్న గ్యాసు సిలిండర్లు వెనక్కి ఇచ్చేశాడు. ఇప్పుడు వాళ్ల నాయన పనే చేస్తున్నాడు. గరాటులు, డబ్బాలు, మిల్లు తొట్లు. అన్నీ కొత్త రేకుతోనే. మధ్యాహ్నం నేను నా క్యారేజీ తీసుకుని ఆయన షెడ్డుకు పోతాను. గడప దగ్గర చోటు ఖాళీగా వదిలి ఇద్దరం లోపల కూర్చుని తింటాం.

మొన్న నందికొట్కూరు వైపు నుంచి ఒకాయన కారే ట్యాంకు ఆటోలో వేసుకుని వచ్చాడు. గఫూర్ అన్న పేరు విని వచ్చాడట.

అన్న ఆ ట్యాంకు అతుకు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపాడు. పాతదే, తన చేతి పనే.

"వేరే చోట చేపిచ్చుకోప్పా" అన్నాడు.

"ఎందుకన్నా? నువ్వు చేసిందే గదా ఇది?"

"చేసింది నేనే. ఈడ ఇప్పుడు వాసన చూసేవాళ్లు లేరప్పా."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఆటో తిప్పుకుని పోయాడు.