కుడికాలి జాడ

మధ్యాహ్నం నిద్ర లేచేసరికి గచ్చు మీద ఎర్రటి అడుగులు కనిపించాయి హఫీజ్‌కు. గుమ్మం నుంచి చాప దాకా వచ్చాయి. అన్నీ కుడికాలివే. తిరిగి వెళ్లిన జాడ లేదు.

వచ్చినవాడు ఇంట్లోనే ఉన్నాడన్నమాట.

హఫీజ్ బందరులో కలంకారీ అద్దకం పనివాడు. రంగులో ఉడికిన గుడ్డను కాలవలో జాడించి గడ్డి మీద ఆరేస్తాడు. పరిచిన గుడ్డల మధ్య చెప్పులతో తిరగరు. ఆ కార్ఖానాలో అందరి అరికాళ్లూ ఎరుపే. తోటివాళ్లెవరో రంగు తొక్కి వచ్చారనుకుని కేకేశాడు. ఎవరూ పలకలేదు. భార్య జరీనా కూరలకు వెళ్లింది.

వంటగదిలో చూశాడు. తలుపు వెనక చూశాడు. ఎవరూ లేరు. వెనక్కి తిరిగితే, ఇందాక ఏమీ లేని వంటగది గచ్చు మీద కూడా అడుగులున్నాయి. తడిగా ఉన్నాయి. తను ఆగిన చోటల్లా అవీ ఆగాయి.

జరీనా సంచీతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎవరో వచ్చారు," అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె అడుగుల వెంట చూసుకుంటూ వచ్చి అతని దగ్గర ఆగింది. "ఎవరూ రాలేదండీ. కూర్చోండి. కాలు ఇలా పెట్టండి."

అరికాల్లో గుండుసూది తల దాకా దిగి ఉంది. అద్దకం బల్లకు గుడ్డ బిగించే సూది. ఎప్పుడు దిగిందో తెలీదు. ఆ వారమంతా తెల్లగుడ్డ మీద మరకలు పడితే రంగే అనుకున్నాడు. నమాజుకు ముందు వజూలో వేళ్ల సందులు కూడా కడిగాడు గాని, అరికాలు తిప్పి చూడలేదు. షుగర్‌తో వచ్చిన కాళ్ల మంటలు తగ్గాయని ఈ మధ్య సంతోషించాడు కూడా.

తోటి పనివాడు సూరయ్యకు ఇలాంటి పుండుతోనే మొదలై, కాలు మోకాలి కిందికి తీసేశారు. ఆటోలో ఆసుపత్రికి వెళ్తున్నంతసేపూ హఫీజ్ తన కాలినే చూస్తూ కూర్చున్నాడు.

ఎముకకు చేరలేదు, కాలు దక్కుతుందన్నాడు డాక్టరు. కట్టు కట్టిన నర్సు హెప్సిబా మిగతావి చెప్పింది. ఇంట్లోనూ చెప్పులుండాలి, దులిపి వేసుకోవాలి. కడిగాక వేళ్ల సందుల్లో తడి ఉండకూడదు. రోజూ అరికాళ్లు చూసుకోవాలి.

"నొప్పి చెప్తుందిలే అనుకోకు బాబాయ్. నీకు ఇక చెప్పదు," అంది.

పుండు మానింది. గుడ్డల మధ్య చెప్పులతో నడుస్తుంటే, నవాబువైపోయావా బావా అని నవ్వుతారు కార్ఖానాలో. సూరయ్య నవ్వడు.

తెల్లారి నమాజయ్యాక హఫీజ్ జరీనా అద్దాన్ని గచ్చు మీద పెట్టి, దాని పైన కాలెత్తి చూసుకుంటాడు. వేలితో నొక్కుతాడు. నొక్కడం అద్దంలో కనిపిస్తుంది. కాలికి మాత్రం తెలియదు. ఎవరో తమది అప్పగించి వెళ్లినట్టు దాన్ని రెండు చేతులతో పట్టి చెప్పులో పెడతాడు.

గుమ్మం దాటాక ఒకసారి వెనక్కి తిరిగి గచ్చు చూస్తాడు.