పొద్దున ఆరింటి నీళ్ళు

రోజూ పొద్దున ఆరింటికి స్వీటీ నదికి జ్వరం చూసేది. వంతెన కింద మూడో స్తంభం దగ్గర మోకాలి లోతులో నిలబడి, తాడుకు కట్టిన థర్మామీటరును ప్రవాహంలోకి వదిలి, రెండు నిమిషాలు కదలకుండా ఉండేది. ఆ వేళకు పొగమంచు నీళ్ళ మీద ఇంకా లేవకుండా పడుకునే ఉండేది. తర్వాత గట్టెక్కి, గోర్డ్ గాలాల దుకాణం ముందున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేది: నీళ్ళు పదిహేడు డిగ్రీలు. ప్రవాహం నెమ్మది. రంగు తేట. సాయంత్రం చేపలు తినే తెల్లరెక్కల పురుగులు లేవొచ్చు.

అవే మాటలు దుకాణం వెబ్‌సైట్‌లోనూ పెట్టేది. టొరంటోలో, విండ్సర్‌లో, ఇంకా ఎక్కడెక్కడో మనుషులు కాఫీ తాగుతూ అవి చదివి, ట్రౌట్ చేపల కోసం ఆ రోజు కారెక్కాలో వద్దో తేల్చుకునేవారు.

ఆమె అసలు పేరే స్వీటీ. పాస్‌పోర్టులోనూ అంతే. కరీంనగర్ పక్కన మానేరు డ్యామ్‌లో వల వేసే కొమరయ్యకు చిన్న కూతురు. విమానాల నిండా మనవాళ్ళ పిల్లలే కనిపిస్తున్న రోజుల్లో, 2022 సెప్టెంబరులో, కెనడాలోని ఒంటారియోలో ఒక కాలేజీకి ఏడాది కోర్సు కోసం వచ్చింది. కోర్సు అయ్యాక ఏడాది వర్క్ పర్మిట్ ఇచ్చారు. ఆ ఏడాదిలో పన్నెండు నెలలు, ఒక్కటీ తగ్గకుండా, సూపర్‌వైజర్ స్థాయి పని చేసినట్టు లెటర్ ఉంటే పీఆర్‌కి, అంటే అక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చేయొచ్చు. లేకపోతే బ్యాగు సర్దుకోవాల్సిందే. ఆమెతో చదివిన వాళ్ళలో అలాంటి పని దొరికినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మిగతావాళ్ళు గోదాముల్లో పెట్టెలు మోస్తూ, గడువు తేదీని దిండు కింద పెట్టుకుని బతుకుతున్నారు.

స్వీటీకి గోర్డ్ దొరికాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఈకలూ దారాలూ గాలపు ముల్లుకు చుట్టి, అచ్చం పురుగులా కనిపించే ఎరలు కట్టి అమ్ముతాడు. వాటినే ఫ్లైలంటారు. పని అడగడానికి ఆమె లోపలికి వెళ్ళిన రోజు ఆయన చేతిలో దారం తెగింది. ఆమె రెజ్యూమే బల్ల మీద పెట్టి, ఆ తెగిన కొసలు తీసుకుని ముడి వేసింది. వల చిరిగినప్పుడు వాళ్ళ బాపు వేసే ముడి అది. గోర్డ్ దాన్ని గోటితో లాగి చూశాడు, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు. రెజ్యూమే వైపు చూడనేలేదు. అలా 2023 నవంబరు ఒకటిన సూపర్‌వైజర్‌గా పనిలో చేరింది. చలికాలమంతా ఫ్లైలు కట్టింది. వసంతం వచ్చేసరికి వారాంతాల్లో వచ్చే ఇద్దరు పనివాళ్ళకు ఆమె పైఅధికారి.

ఇక్కడ ట్రౌట్‌ను పట్టుకుని మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారని వీడియో కాల్‌లో చెప్పినప్పుడు కొమరయ్య చాలాసేపు నవ్వాడు.

"పట్టి ఇడిసిపెడ్తరా? మరి పట్టుడెందుకు బిడ్డా?"

"సరదాకు బాపూ."

"ఎవలకు? చేపకా?"

ఆ మాట గోర్డ్‌కు చెబితే ఆయనా నవ్వాడు. కానీ ఆ రోజంతా ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు.

2024 జూలైలో వాన ఆ ఊరి దారి మర్చిపోయింది. నది పక్కటెముకల్లా రాళ్ళు బయటపడ్డాయి. ట్రౌట్ చల్లనీళ్ళ ప్రాణి. నీళ్ళు ఇరవై డిగ్రీలు దాటితే దానికి ఊపిరి అందదు, గాలానికి చిక్కి పెనుగులాడితే వదిలేసినా బతకదు. అందుకే ఇరవై దాటిన రోజున గాలం వేయొద్దని గోర్డ్ తన దుకాణం తలుపు మీదే రాసి పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట తప్పలేదు. ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళను చూసింది మాత్రం పొద్దున ఆరింటికే.

ఒకరోజు సాయంత్రం అయిదు గంటలకు అద్దెకిచ్చే బూట్లు కడగడానికి స్వీటీ నదిలోకి దిగింది. దిగగానే ఆగిపోయింది. పిక్కలకు తగిలింది నది కాదు, ఎవరో స్నానానికి తోడిపెట్టి మర్చిపోయిన నీళ్ళు. వెళ్ళి థర్మామీటరు తెచ్చింది. ఇరవై నాలుగు. పాడైందేమోనని కడిగి మళ్ళీ వేసింది. ఇరవై నాలుగే. స్తంభం నీడలో నాలుగు పిల్ల ట్రౌట్‌లు మూతులు పైకెత్తి, గాలిని కొరుక్కు తింటున్నట్టు నోళ్ళు ఆడిస్తున్నాయి.

ఆ నోళ్ళు ఆమెకు కొత్త కాదు. మే నెల మధ్యాహ్నాల్లో మానేరులో చేపలు అలా తేలినప్పుడు బాపు వల తీసి పడవలో పెట్టి, బీడీ ముట్టించి కూర్చునేవాడు. సొలసిన చేప మీద వల వేయడం కుంటివాడితో పరుగుపందెం కట్టడమేనని అనేవాడు. ఆయన చేపను పట్టి, చంపి, అమ్మి బతికే మనిషి.

ఆమె వెళ్ళి గోర్డ్‌కు చెప్పింది. ఆయన చేస్తున్న పని ఆపి, కిటికీలోంచి నది వైపు చూశాడు. సాయంత్రం లెక్క ఇన్నేళ్ళలో ఎవరూ తీయలేదన్నాడు. ఆరింటి లెక్క ఆరింటి లెక్కేననీ, పోయిన ఏడాది జూలైతో పోల్చుకోవాలంటే అదే కావాలనీ అన్నాడు. బోర్డు మీద రెండో అంకె పడితే వారంలో ఈ వీధిలో కారు ఆగదన్నాడు. జూలై, ఆగస్టు నిలబడితేనే చలికాలం దుకాణం నిలబడుతుంది. ఆ తర్వాత గోడ మీద క్యాలెండరు చూశాడు. అది బెదిరింపు కాదు. ఆమె పన్నెండు నెలలు నిండే నవంబరు దాకా దుకాణం ఉండాలని ఆయనకూ ఆమెకూ ఒక్కలాగే ఉంది. క్యాలెండరు చూడకుండా ఉంటే ఆమెకు ఇంకా తేలిగ్గా ఉండేది.

బేస్‌మెంట్‌లో ఆమెతో గది పంచుకునే సాత్విక, కాఫీ షాపు షిఫ్టు నుంచి వచ్చి సాక్సులు విప్పుకుంటూ అంతా విన్నది. "పీఆర్ నీకు కావాల్నా, చేపలకు కావాల్నా?" అంది.

స్వీటీ ఆరింటి అంకెనే రాస్తూ పోయింది. పద్దెనిమిది. పద్దెనిమిదిన్నర. పద్దెనిమిది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అన్నంలో ఇసుకలా ఆ నిజమే పంటికింద కరకరలాడేది. సాయంత్రం అయిదింటికి మాత్రం ఎవరూ అడగకపోయినా వెళ్ళి చూసి వచ్చేది. తొమ్మిది రోజులు అలా గడిచాయి.

పదో రోజు శనివారం. విండ్సర్ నుంచి దక్షిణామూర్తి గారు వచ్చారు. ఆసుపత్రిలో నలభై ఏళ్ళు మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయిన మనిషి, తెనాలి వైపు వారు. శాకాహారి. చేప నోరు చిరగకుండా గాలం ముల్లుకు పన్ను లేకుండా అరగదీయించి, చెయ్యి తడుపుకుని గానీ చేపను ముట్టుకోని మనిషి. వేసవిలో నాలుగుసార్లు మూడేసి గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చేవారు. వచ్చినప్పుడల్లా వాళ్ళావిడ శాంతగారు పెట్టిన గోంగూర పచ్చడి సీసా ఒకటి కౌంటరు మీద ఉంచేవారు. ఆ రోజు దారిలో ట్రాఫిక్ వల్ల చేరేసరికి రెండయింది.

"నీళ్ళు ఎలా ఉన్నాయమ్మా?"

"పొద్దున పద్దెనిమిదిన్నర ఉండె అంకుల్," అంది స్వీటీ. పొద్దున అన్న మాటను కొంచెం ఒత్తి పలికింది. ఆయన ఆ ఒత్తు పట్టుకుంటారేమోనని ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. ఆయన టోపీ సర్దుకుంటున్నారు.

మోకాలు బాగాలేదని ఆయనకు తోడుగా నదిలోకి ఎవరో ఒకరు వెళ్ళాలి. ఆమే వెళ్ళింది. నాలుగు గంటలప్పుడు, ఒరిగిన దేవదారు నీడలో, నీళ్ళు లోపల్నుంచి ఎవరో లాగినట్టు కుంగాయి. ఆయన గాలపు కర్ర విల్లులా వంగింది. చేప ఒక్కసారి పైకి ఎగిరింది. మూరెడు పొడుగు, పసుపుపచ్చ ఒళ్ళు, దాని మీద కుంకుమ చుక్కలు. ఆరు నిమిషాలు పెనుగులాడింది. ఆ ఆరు నిమిషాలూ స్వీటీ చేతిలో వలబుట్ట పట్టుకుని, గాలం తెగాలని కోరుకుంటూ నిలబడింది. తెగలేదు.

ఆయన ఫొటో కూడా తీయించుకోలేదు. చేపను నీళ్ళలోనే ఉంచి, ప్రవాహానికి ఎదురుగా మూతి తిప్పి, అరచేతుల్లో పట్టుకున్నారు. ఊపిరి కూడదీసుకుంటే అదే వెళ్ళిపోతుంది. ఒక నిమిషం అయింది. మూడయ్యాయి. ఆయన దాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపుతున్నారు. పెదవులు కదులుతున్నాయి. మంత్రమేమో అనుకుంది, కాదు. మొప్పల కదలికను లెక్కపెడుతున్నారు. అంకెకూ అంకెకూ మధ్య ఎడం ఎక్కువవుతోంది. పది నిమిషాలకు ఆయన తల ఎత్తకుండానే అడిగారు.

"ఇప్పుడెంత ఉందమ్మా నీళ్ళు?"

"ఇరవై నాలుగు అంకుల్."

"చూడకుండానే చెప్పావే."

"పది రోజుల సంది గట్లనే ఉంటంది."

నది రాళ్ళ మధ్య నుంచి గలగలమంటూ పోతోంది. ఆయన చేతులు ఇంకా చేపను ఊపుతూనే ఉన్నాయి.

"నాకు చెప్పాల్సిందమ్మా. వెనక్కి వెళ్ళిపోయేవాణ్ణి."

"అందుకే చెప్పలే అంకుల్."

ఆయన ఆమె వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉంటే ఆమె తట్టుకునేది. ఆపరేషను బల్ల మీది మనిషిని చూసినట్టు చూశారు. తర్వాత చేతులు విప్పారు. చేప కాసేపు అక్కడే ఆగి, నెమ్మదిగా పక్కకు ఒరిగి, తెల్లటి పొట్ట ఆకాశానికి చూపిస్తూ కిందికి కొట్టుకుపోయింది. ఆయన కారెక్కే ముందు పచ్చడి సీసా ఎప్పటిలాగే కౌంటరు మీద పెట్టారు.

స్వీటీ ఆ సాయంత్రమే సుద్దముక్క తీసుకుని, పొద్దుటి అంకె కింద రెండోది రాసింది: సాయంత్రం అయిదింటికి ఇరవై నాలుగు. గాలం వేయకండి. గోర్డ్ బయటికి వచ్చి చదివాడు. చెరపలేదు. వెబ్‌సైట్‌లో కూడా పెట్టమని చెప్పి లోపలికి వెళ్ళాడు. లోపల ఈకల డబ్బాల మూతలు ఒకటొకటిగా పెడుతున్న చప్పుడు వినిపించింది.

సోమవారానికి బుకింగులు చాలావరకు క్యాన్సిల్ అయ్యాయి. దానికి ఆమె సిద్ధంగానే ఉంది. సిద్ధంగా లేనిది మరొకటి. కొందరు రావడం మానలేదు. బోర్డు ముందు నిలబడి, రెండు అంకెలూ చదివి, పొద్దున చల్లగానే ఉందిగా అంటూ దిగేవారు. పదికల్లా వెళ్ళిపోతామని చెప్పి మూడింటిదాకా ఉండేవారు. ఒకాయన సాయంత్రం అంకె రాస్తున్న ఆమె పక్కనుంచే గాలం భుజాన వేసుకుని నదిలోకి నడిచాడు. గాలం వేయొద్దన్న చోట ముఖం చెల్లకేమో, దుకాణంలో కొనడం మాత్రం అందరూ మానేశారు. మూడో స్తంభం దగ్గర తెల్లటి పొట్టలు తేలుతూనే ఉన్నాయి. మొదట్లో లెక్కపెట్టింది. తర్వాత మానేసింది.

ఆగస్టు మధ్యలో ఒక మంగళవారం గోర్డ్ చెప్పాడు. నెలాఖరుకు దుకాణం మూసేస్తాడట. లెటర్ తనకు చేతనైనంత మంచి మాటలతో రాస్తానన్నాడు. నవంబరు నుంచి ఆగస్టు, పది నెలలు. పన్నెండని రాయమని ఆమె అడగలేదు. రాస్తానని ఆయనా అనలేదు. ఆ మాట ఇద్దరి నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిందని ఇద్దరికీ తెలుసు. మిగిలిన రెండు నెలలకు అలాంటి పని ఎవరిస్తారని ఆమె విన్నిపెగ్‌కూ రెజైనాకూ ఫోన్లు చేసింది. అక్కడా అందరూ ఆమెలాగే ఫోన్లు చేస్తున్నారు. బాపుకు ఇంకా చెప్పలేదు. నదిలో నీళ్ళు తక్కువున్నాయని మాత్రం చెప్పింది. అక్కడ మానేరు నిండుగా ఉందట.

చివరి వారంలో ఒక మధ్యాహ్నం గోర్డ్ దుకాణానికి తాళం వేసి, ఆమెను నది ఎగువకు తీసుకెళ్ళాడు. బాట లేని చోట, దేవదారుల మధ్య, ముళ్ళపొదలు పక్కకు తొలగిస్తూ అరగంట నడిచారు. నది వంపు తిరిగే చోట ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఆమెనూ కూర్చోమని సైగ చేశాడు. గట్టు కిందినుంచి, నాచు పట్టిన రాళ్ళ సందులోంచి ఒక ఊట నదిలోకి జారుతోంది. స్వీటీ చెయ్యి పెట్టింది. ఎముక దాకా జివ్వుమంది.

ఆ ఊట నదిలో కలిసేచోట, చాపంత మేరలో, ట్రౌట్‌లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. ముప్ఫై ఉంటాయేమో. మొప్పలు తప్ప ఏదీ కదలడం లేదు. తన చిన్నప్పుడు ఈ చల్లటి జాగా గదంత ఉండేదనీ, ఏటేటా కుంచించుకుపోతోందనీ గోర్డ్ చెప్పాడు. దీని గురించి బోర్డు మీద ఒక్కసారీ రాయలేదట. భార్యకు కూడా చెప్పలేదట.

"నువ్వైతే రాస్తావా?" అని అడిగాడు.

రాయనంది స్వీటీ.

ఆయన మోకాళ్ళు దులుపుకుంటూ లేచి, వచ్చిన దారి పట్టాడు. స్వీటీ లేవలేదు. గుంపుకు అవతల ఒక చిన్న చేప అటూ ఇటూ తిరుగుతోంది. ఒకచోట మూతి దూర్చింది. పెద్ద చేప తోక విదిల్చింది. వెచ్చటి నీళ్ళలోకి పోయి, నోరు తెరుచుకుని, మళ్ళీ వచ్చి ఇంకోచోట దూర్చింది. అక్కడా జాగా లేదు. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి తన నీడ దాని మీద పడుతోందని తెలిసి, శబ్దం కాకుండా వెనక్కి జరిగింది.